మనిసి నెమ్మది

వానలు పట్టాయంటే మా ఆఫీసు కిటికీ ఊచలకు గోల్‌కీపర్ల గ్లవ్స్ వేలాడతాయి. పొద్దున ప్రాక్టీసులో తడిసినవి సాయంత్రానికల్లా ఆరాలి. కరెంటు ఉంటే ఫ్యాను కింద, లేకపోతే దేవుడి దయ. తడి రబ్బరు, చెమట, నొప్పులకు రాసుకునే మందు, మూడూ కలిసిన ఆ వాసనకు కొత్తగా చేరినవాళ్లు ముక్కు మూసుకుంటారు. నేను మూసుకోను. ఆ వాసన తగిలితే చాలు, అప్పన్న మావయ్య పక్కనే కూర్చుని, వంకర వేళ్లతో మోకాలు రుద్దుకుంటూ, "రాసీ గుంటా", అంటే రాసెయ్యవే పిల్లా, అంటున్నట్టే ఉంటుంది నాకు.

ఇక్కడ పెద్దమనిషి పేరుకు ముందు 'ఊ' చేర్చి పిలుస్తారు కాబట్టి యాంగోన్ ఫుట్‌బాల్ వాళ్లందరికీ ఆయన ఊ అప్పన్న. నాకు మావయ్య. చుట్టరికం ఏమీ లేదు. రేవు పక్క సేక్కాన్ పేటలో వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య ఒకే గోడ, అంతే. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఈ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. తండ్రీ మోశాడు. మావయ్య మాత్రం రేవు గోదాములో సరుకు లెక్క చూసే పనికి ఎక్కి, సాయంత్రాలు రేవు జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడారు. కుడిచేతి వేళ్లు రెండు విరిగి, ఎలా విరిగాయో అలాగే అతుక్కున్నాయి. ఉద్యోగం నుంచి దిగిపోయాక పై లీగ్‌లో ఆడే ఒక క్లబ్బు ఆయనకు విచిత్రమైన పని ఇచ్చింది. రెండో లీగ్ మ్యాచ్‌లకు వెళ్లి గోల్‌కీపర్లను చూడాలి. వీళ్లలో పై లీగ్ దాకా ఎదిగేవాడు ఎవడు, ఉన్నచోటే ఉండిపోయేవాడు ఎవడు, అది చెప్పాలి.

చెప్పడం ఆయన వంతు, రాయడం నా వంతు. ఆ వేళ్లతో ఆయన కలం పట్టుకోలేరు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, డిగ్రీ అయి ఖాళీగా ఉన్నాను. మా అమ్మ గోడ మీంచి అడిగింది, ఆయన సరేనన్నారు. క్లబ్బు ఆఫీసు అప్పట్లో ఊరి మధ్య చౌక్తడాలో, ఒక పాత మేడ రెండో అంతస్తులో ఉండేది. గ్రౌండ్ పక్కకు మారింది తర్వాతే. మేనేజర్ నాకొక రిపోర్టు పుస్తకం ఇచ్చి, ఒక్కో ఆటగాడికి మూడు నాలుగు వాక్యాలు మించకూడదని చెప్పాడు. అవి చదివి ఎవరిని ట్రయల్‌కు పిలవాలో కమిటీ నిర్ణయిస్తుంది.

మావయ్యకు బర్మీస్ నాకంటే బాగా వచ్చు. అయినా గ్రౌండ్‌లో నాతో తెలుగే మాట్లాడేవారు. మా వెనకాల బల్లల మీద ఆటగాళ్ల అన్నలు, మావలు, అవతలి క్లబ్బుల వాళ్లు చెవులు రిక్కించుకుని కూర్చుంటారు మరి. ఆయన తెలుగులో చెప్పేవారు, నేను అక్కడికక్కడే బర్మీస్‌లో రాసేదాన్ని. నా తెలుగు సంగతి కూడా చెప్పాలి. అది మా అమ్మ తిట్ల తెలుగు. అమ్మ తెలుగులో తిడితే నేను బర్మీస్‌లో ఎదురు చెప్పేదాన్ని. అక్షరాలు అసలే రావు. ఇంట్లో వినబడిన మాటలు వినబడినంత మేరకే తెలుసు. ఆ సంగతి అప్పటికి నాకూ తెలియదు, మావయ్యకూ తెలియదు.

మొదటి రోజు నేను బంతి ఎటు పోతే అటు తల తిప్పుతూ చూస్తున్నాను. మావయ్య నా చేతిలోని పుస్తకం మీద తట్టారు.

"బంతిని అందరూ సూత్తారే గుంటా. నువ్వు మనిసిని సూడు."

"గోల్ అటువైపు పడుతోంది గదా మావయ్యా?"

"పడనీ. ఇటువైపు ఉన్నోడు అప్పుడేటి సేత్తన్నాడో సూడు. బంతి రానప్పుడు సూడాల. గోలు తినేసినాక సూడాల. బంతి పట్టినప్పుడు ఎవుడైనా బాగానే ఉంటాడు."

మ్యాచ్‌కు గంట ముందే వెళ్లేవాళ్లం. గోల్‌కీపర్ గ్లవ్స్ ఎలా తొడుక్కుంటున్నాడు, తనవాళ్లు తప్పు చేస్తే ఎవరిని తిడుతున్నాడు, దాహమేస్తే సీసా ఎక్కడ పెట్టుకున్నాడు, అన్నీ ఆయనకు కావాలి. చూసినంతా చూసి రెండు మాటలు చెప్పేవారు. మిగతాదంతా కిళ్లీతో పాటు నమిలేసేవారు. నాకేమో అన్నిటికీ తొందర. ఆయన మాట పూర్తికాకముందే నా వాక్యం పూర్తయ్యేది. రాసింది చదివి వినిపించమని ఆయన ఎన్నడూ అడగలేదు. నామీద అంత నమ్మకం.

అలా రెండేళ్లు గడిచాక తీహా కనిపించాడు. ఇరవై మూడేళ్లవాడు. మింగళాడోన్ పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ గోదాములో పని, శని ఆదివారాలు రెండో లీగ్‌లో ఆట. నా కళ్లకు పెద్దగా ఆనలేదు. ఎగరడు, అరవడు. రెండో సగంలో గోల్ తిన్నాడు, అదీ తన ముందున్న డిఫెండర్ పొరపాటు వల్ల. ఎవరినీ ఏమీ అనలేదు. వలలోంచి బంతి తీసుకున్నాడు, చొక్కాకు తుడిచాడు, మధ్యగీత వైపు దొర్లించాడు, తన చోటికి వెళ్లి నిలబడ్డాడు. మావయ్య కిళ్లీ నమలడం ఆపేశారు. అందరూ లేచి వెళుతుండగా చెప్పారు.

"రాసీ. సేతులు బాగున్నాయి. కాళ్లు పరవానేదు. మనిసి నెమ్మది."

"ఇంకేటి?"

"ఇంకేటేటి? అంతే."

ఆ మాట రెండేళ్లలో ఆయన ఏ ఆటగాడి గురించీ అనగా నేను వినలేదు. అయినా నాకు తెలియని మాటేం కాదు. మా అమ్మ రోజుకు పదిసార్లు అంటుంది. నెమ్మదిగా నడవ్వే, నెమ్మదిగా తినవే, మెట్లు నెమ్మదిగా దిగవే. చేతులు బాగున్నాయి, కాళ్లు ఫరవాలేదు అని రాసి, మూడో వాక్యంగా 'హ్నే' అని రాశాను. బర్మీస్‌లో హ్నే అంటే మందకొడి. గోల్‌కీపర్ గురించి అంతకంటే చెడ్డ మాట మరొకటి లేదు.

ట్రయల్‌కు పిలిచినవాళ్ల జాబితా వచ్చింది. నలుగురు గోల్‌కీపర్లు, అందులో తీహా లేడు. మావయ్య జాబితాను దూరంగా పట్టుకుని రెండుసార్లు చదివారు. "ఆల లెక్కలు ఆలకుంటాయి" అని మడిచి ఇచ్చేశారు. ఆయన చెప్పడం వరకే, కమిటీని ఎందుకని అడిగే అలవాటు లేదు. ఆ సాయంత్రం గోడ అవతల నుంచి ఆయన ఎప్పుడూ పెట్టే రేడియో వినపడలేదని అమ్మ అంటే, నేను పట్టించుకోలేదు.

నాలుగు నెలల తర్వాత ఇంకో గోల్‌కీపర్‌ను చూడ్డానికి వెళ్లాం. ఎదుటి జట్టులో ఉన్నది తీహాయే. కానీ మేం చూసిన తీహా కాదు. కాలు నిలవడం లేదు. బంతి సగం గ్రౌండ్‌లో ఉండగానే ముందుకు ఉరుకుతున్నాడు, వెనక్కి పరిగెత్తుతున్నాడు. మొదటి గోల్ తల మీంచి పోయింది. పోగానే గోలుపోస్టును కాలితో తన్నాడు. మావయ్య ముందుకు వంగారు.

"ఏటైపోనాదే ఈడికి? నెమ్మది పోనాది."

నేను సంతోషంగా అన్నాను, "మంచిదే గదా మావయ్యా."

ఆయన నావైపు తిరిగారు. సరిగ్గా అప్పుడే తీహా మళ్లీ బయటికి ఉరికాడు. ఎదురుగా వస్తున్న ఆటగాడిని గుద్దుకుని కుడి భుజం మీద పడ్డాడు. ఇద్దరు పట్టుకుని లేపి బయటికి తీసుకెళ్లారు. మావయ్య అటు చూసి, మళ్లీ నావైపే తిరిగారు.

"మంచిదేటే?"

"నెమ్మది పోయిందన్నారు గదా. నెమ్మది అంటే స్లో."

"ఎవులు సెప్పినారు?"

"అమ్మ అంటాది. నెమ్మదిగా నడవ్వే అని..."

ఆయన గొంతు పెంచకుండా అడిగారు. "మీ నాయనకి జొరమొచ్చి, 'ఇప్పుడు నెమ్మదిగా ఉంది' అన్నాడనుకో. జొరం తగ్గినట్టా, మనిసి కదల్నేనట్టా?"

నాన్నకు టైఫాయిడ్ వచ్చినప్పుడు అమ్మ అందరితోనూ అదే మాట అంది. "కాస్త నెమ్మదించిందండీ" అని. విన్నాను, తలకెక్కించుకోలేదు.

"ఆ గుంటడికి గుండె కుదురు. గోలు తిన్నా కుదురే. నా జనమలో అలాంటోళ్లని ఈడితో కలిపి ఇద్దర్ని సూసినాను. అది సెప్పినాను నీకు. నువ్వేటి రాసినావు?"

చెప్పాను. ఆయన కళ్లు మూసుకున్నారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. "సదివించుకోనేదు. నాదీ తప్పే" అని లేచి, పంచె దులుపుకున్నారు.

మర్నాడు చౌక్తడా ఆఫీసులో మేనేజర్ ముందు పాత రిపోర్టు తెరిపించారు. నా తరఫున ఆయనే చెబుతారని మెట్లెక్కుతున్నంతసేపూ ఆశపడ్డాను. ఆయన కుర్చీలో కూర్చుని, "చదువు" అన్నారు బర్మీస్‌లో. చదివాను. "ఏది తప్పో చెప్పు." చెప్పాను. ఎర్ర సిరాతో హ్నే కొట్టేసి, స్థిరమైన మనిషి అనే అర్థం వచ్చేలా తీన్యేన్ అని రాసి, పక్కన నా సంతకం పెట్టించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఆ సీజనుకు గోల్‌కీపర్‌ను ఎప్పుడో తీసేసుకున్నారు. మేనేజర్ మంచివాడే, కానీ వెటకారం ఆపుకోలేకపోయాడు.

"ఇదేం భాష ఊ అప్పన్నా? మందకొడికీ నిబ్బరానికీ ఒకటే మాటా?"

"మా తాత బస్తా వీపున వేసుకుని ఓడకూ ఒడ్డుకూ మధ్య మూరెడు వెడల్పు చెక్క మీద నడిచేవాడు" అన్నారు మావయ్య. "వెనకవాడు ముందువాడితో ఆ ఒక్క మాటే అనేవాడు. ఆ చెక్క మీద మెల్లగా నడవడం, గుండె కుదురుగా ఉంచుకోవడం రెండు పనులు కావు. తొందరపడ్డవాడు నీళ్లలో ఉండేవాడు."

మేనేజర్ నవ్వడం మానేశాడు. వచ్చే సీజను ట్రయల్‌కు తీహాను పిలుస్తానని మాటిచ్చాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. మెట్లు దిగాక మావయ్య బస్‌స్టాపు వైపు నడిచారు. "ఆడికి ఎవులు సెప్తారు?" మింగళాడోన్ బస్సెక్కాం. ఫ్యాక్టరీ గేటు ఎదుట టీ కొట్టులో కూర్చుంటే, పని దిగి తీహా వచ్చాడు. ఎడమ చేత్తో కప్పు పట్టుకున్నాడు. కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మధ్యలో మొదలుపెట్టి, వెనక్కి వెళ్లి, మొత్తానికి చెప్పేశాను.

"అంటే నేను మందకొడివాణ్ని కాదా?" అన్నాడు.

"కాదు."

"మా కోచ్‌కు మీ ఆఫీసులో ఎవరో చెప్పారట, రిపోర్టులో అలా ఉందని. నాలుగు నెలల నుంచి రోజూ డ్యూటీకి ముందు తాడాట ఆడుతున్నాను. బంతి కనబడగానే బయటికి ఉరకమన్నారు. ఉరికాను."

క్షమించమన్నాను. అతను నావైపు చూడలేదు. "ఊలే" అన్నాడు మావయ్యతో. పెద్దవాళ్లను బాబాయ్ అని పిలిచినట్టు. "ఆ మాట ఇంకోసారి చెప్పండి."

"నెమ్మది."

"నెమ్మ్‌డీ" అన్నాడు తీహా. రెండుమూడుసార్లు అని చూసుకున్నాడు. టీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు.

భుజం కుదుటపడేదాకా అతను ఆడలేదు. తర్వాత ఆదివారాలు ప్రాక్టీసుకు మావయ్య తన ఖర్చుతో వెళ్లి గోలు వెనకాల కూర్చునేవారు. తీహా ముందుకు ఉరకబోతే వెనక నుంచి ఆ ఒక్క మాటే. నేనూ వెళ్లేదాన్ని. ఎందుకంటే ఇంట్లో కూర్చోలేక. మెల్లగా పాత తీహా తిరిగొచ్చాడు. మళ్లీ గోల్ తిన్నాక బంతిని చొక్కాకు తుడవడం చూసిన రోజు నేను కిందికి చూస్తూ ఏడ్చాను. మావయ్య చూసి, చూడనట్టు ఊరుకున్నారు.

ట్రయల్‌లో చివరికి ఇద్దరు మిగిలారు. తీహా, ఇంకో కుర్రాడు. ఒకరికే చోటు. ఇద్దరినీ మూడు రోజులు చూసి మావయ్య చెప్పడం మొదలుపెట్టారు. ఆ కుర్రాడిది అయ్యాక తీహాది.

"సేతులు బాగున్నాయి. మనిసి నెమ్మది." ఈసారి సరైన మాట రాశాను, వత్తి వత్తి రాశాను. "కుడి బుజం పైకి లెగడం నేదు. పై బంతి అందదు."

నా కలం ఆగిపోయింది. "మావయ్యా, అది వద్దు. ఇంకో ఆర్నెల్లకి సర్దుకుంటాది గదా."

"సర్దుకోదు. నాకు తెలుసు. నా ఏళ్లు సర్దుకున్నాయేటి?"

"అది నా వల్ల వచ్చింది. నాను రాయలేను."

ఆయన కోపంగా లేరు. అదే నన్ను చంపింది. "గుంటా, అప్పుడు ఒక మాట తప్పు రాసి ఈడికి అన్నేయం సేసినావు. ఇప్పుడొక మాట రాయకుండా ఆ రెండోడికి సేత్తావా? ఆడూ అమ్మ కడుపునే పుట్టినాడు. రాసీ."

రాశాను. "సదువు" అన్నారు. చదివాను. ఆయన తల ఊపి, వంకర వేళ్లతో ఆ వాక్యం కింద బొటనవేలి ముద్ర వేసినట్టు నొక్కారు, ఆ మాట తనదేనని చెప్పడానికి. క్లబ్బు రెండోవాణ్ని తీసుకుంది. అతను ఇప్పటికీ పై లీగ్‌లో ఆడుతున్నాడు, బాగా ఆడుతున్నాడు. తీహా పై లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. నెమ్మది ఉన్నవాళ్లను తన జన్మలో ఇద్దరినే చూశానన్నారు మావయ్య. అందులో ఒకడిని నేను ఒక మాటతో ఆపేశాను. దీన్ని ఇంకోలా చెప్పే దారి వెతికాను, దొరకలేదు.

మావయ్య పోయి చాలా ఏళ్లయింది. ఆ ఉద్యోగం ఇప్పుడు నాది. చూసేదీ నేనే, రాసేదీ నేనే. అయినా రాసింది పైకి చదవనిదే పుస్తకం మూయను. వినడానికి ఎవరూ లేకపోతే గ్రౌండ్‌మన్‌ను పిలిచి కూర్చోబెడతాను. ఆటగాడి గురించి ఏ మాట రాసినా, ఏం చూసి ఆ మాట రాశానో దాని పక్కనే రాస్తాను. ట్రయల్ అయిన ఏడాదే, ఆదివారాలు గుడిలో జరిగే తెలుగు బడికి వెళ్లి, ఆరేళ్ల పిల్లల మధ్య కూర్చుని అ ఆలు దిద్దాను. పంతులమ్మ ఈ వయసులో ఎందుకమ్మా అంటే, ఒక మాట నేర్చుకోవాలన్నాను. ఇదంతా మీకు తెలుగులో రాయగలగడం ఆ దిద్దిన అక్షరాల వల్లే.

మా క్లబ్బులో గోల్‌కీపర్లకు నేర్పేది ఇప్పుడు తీహాయే, అన్న వయసువాళ్ల పేరుకు ఇక్కడ 'కో' చేరుస్తారు కాబట్టి కో తీహా. మేమిద్దరం స్నేహితులమని చెప్పలేను. పంపే ముందు నా రిపోర్టులన్నీ అతనికి చూపించాలన్నది ఇక్కడ చేరేటప్పుడు అతను పెట్టిన షరతు, దాన్ని నేను మీరలేదు. మొన్న కొత్తగా చేరిన గోల్‌కీపర్ తన తడి గ్లవ్స్ ఊచకు తగిలిస్తూ అడిగాడు, "అక్కా, కోచ్ రోజంతా నెమ్మ్‌డీ, నెమ్మ్‌డీ అంటారు. మేమూ అనేస్తున్నాం. ఏ భాష అది? స్లోగా ఆడమనా?"

నేను వెంటనే జవాబు చెప్పబోయి ఆగాను. కిటికీ దగ్గరికి రమ్మని, కింద గ్రౌండ్ చూపించాను. వాన సన్నగా పడుతోంది. కో తీహా గోలు పక్కన నిలబడి, ఎడమ చెయ్యి పైకెత్తి ఆ మాటే అరుస్తున్నాడు. కుడి చెయ్యి భుజం దాకా లేచి, అక్కడే ఆగిపోయింది.